ఆరు ముక్కోణాల వాడ

సోమవారం. పడమటి గాలి, నిదానం

ఈ దినచర్యలో "నీడ సక్రమంగా నడిచింది" అని ఒక్క వాక్యం రాసి సంతకం పెడితే చాలు. నాకంటే ముందు ఈ కుర్చీలో కూర్చున్నవాళ్ళంతా అదే రాశారు. పేజీలు తిప్పితే ఏళ్ళ తరబడి అదే ముక్క, చేతిరాత తప్ప తేడా లేదు. ఎవరూ చదవని చోట అబద్ధం రాయడం శుద్ధ దండగ. కాబట్టి నేను నిజమే రాస్తాను.

నీడ ఇవాళ సక్రమంగా నడవలేదు.

పొద్దున నేను వచ్చేసరికి వేణుధర్ సార్ తెర ముందు నిలబడి కాఫీ తాగుతున్నారు. ఈ నీడగదికి ఆయన పెద్ద. మంచివారే, ఎవరినీ నొప్పించరు. ఆ అలవాటు కొద్దీ పైవాళ్ళను అసలే నొప్పించరు. తెర మీద మా గొడుగూరు కప్పు మొత్తం పరుచుకుని, గాలికి చిన్నగా ఊపిరి తీస్తోంది. ఊరినంతా ఎండ నుంచి కాపాడే బట్ట అది. నిట్రాళ్ళ మీద నిలబడుతుంది, మోకులతో బిగుస్తుంది. ఏ గాలికి ఏ మోకు లాగాలో, ఏది వదలాలో మోకుల చివరి గిలకలకు చెప్పేది నీడ.

నీడంటే ఏంటని మా వదిన గంగులమ్మ ఒకసారి అడిగితే ముగ్గనుకో అన్నాను. మరలో చుక్కలు పెట్టి, చుక్కకూ చుక్కకూ మధ్య తీగలు కడతాం. చుక్కకు బరువుంటుంది, తీగకు సాగుడుంటుంది. గాలి తగిలితే ఒక చుక్క జరుగుతుంది, అది పక్కదాన్ని లాగుతుంది, ఆ పక్కది ఇంకోదాన్ని. అసలు బట్ట కదిలే లోపల ఈ మరలో బట్ట కదిలి చూపించాలి. ఆలస్యమైతే చావు కబురు చల్లగా చెప్పినట్టే.

"సార్, అంచువాడ చివరి మోకు మీద లాగుడు ఎక్కువగా ఉంది," అన్నాను.

"నీడలో మామూలుగానే ఉందిగా?"

"నీడలో మామూలే. మోకు మీద కాదు."

"బట్ట పాతదమ్మా సుంకులమ్మా. కుదురు కొంచెం పెంచు."

కుదురు అనేది ఒక అంకె. దాన్ని పెంచితే నీడలో ఏ వణుకైనా అణిగిపోతుంది. తీగలు మరీ బిర్రుగా ఉన్నప్పుడు లెక్క అదుపు తప్పి, చుక్కలన్నీ తెర నిండా చెల్లాచెదురుగా ఎగిరిపోతాయి. దాన్ని మేం పూనకం అంటాం. పూనకం రాకుండా కుదురు వేస్తాం. వెయ్యాల్సిందే, కాదనను. కానీ లోకంలో ప్రతి గొడవకూ అదే మందంటే నాకు ఒళ్ళు మండుతుంది. నీడ కుదురుగా ఉన్నంత మాత్రాన బట్ట కుదురుగా ఉన్నట్టు కాదు.

పెంచలేదు. పెంచానని చెప్పాను.

బుధవారం. పడమటి గాలి, కాస్త జోరు

మాది అంచువాడ. ఊరి లోపలి వాడల్లో రాతి గోడలున్నాయి, కప్పు చాలా ఎత్తున ఉంటుంది. కప్పు కిందికి వాలి నేలను తాకే చోట మేముంటాం. మాకు గోడల్లేవు. గోడ ఉన్నవాడు మేకు కొట్టుకుంటాడు, లేనివాడు కప్పు పట్టీకే కట్టుకుంటాడు. ఉట్లు, బట్టల మూటలు, ఎర్రగడ్డల గంపలు, పసిపిల్లల ఉయ్యాలలు, అన్నీ నెత్తి మీదే. నేల ఎలాగూ కాలుతుంది, పైగా తేళ్ళు.

కప్పుకు ఏదీ వేలాడదీయకూడదని చట్టం. వేలాడదీసినట్టు తేలితే నీళ్ళ చీటీ కోసేస్తారు. అందుకని తనిఖీ బండి గంట వినబడగానే వాడ మొత్తం చకచకా దించేసుకుంటుంది. మా వదినకు ఇందులో వాడంతటా పేరు. పాప కూడా లేవకుండా ఉయ్యాల విప్పి చాప మీదికి దించగలదు. బండి వెళ్ళిపోయాక మళ్ళీ అన్నీ పైకి. చిన్నప్పటి నుంచి మాకిది తలుపు తీసి వేసినంత మామూలు పని.

అన్న నిట్రాళ్ళ పనికి పై ఊరికి పోయాడు, గాలి నెలలు దాటితే గాని రాడు. ఇంట్లో నేను, వదిన, మూడు నెలల పాప. సాయంత్రం నేను వెళ్ళేసరికి వదిన పైకి చూస్తూ నిలబడి ఉంది.

"కుట్టు కిర్రుమంటాంది, ఇంటివా?" అంది.

విన్నాను. గాలి ఒక తోపు తోయగానే బయట గిలక తిరిగింది, మోకు బిగిసింది, కుట్టు కిర్రుమంది. గాలి తగ్గింది, మోకు వదిలింది. మళ్ళీ తోపు, మళ్ళీ బిగింపు. గిలకది తప్పు కాదు. నీడ ఏం చెబితే అది చేస్తుంది.

"మీ ఆపీసోళ్ళకు సెప్పు మే, రొంత వదలమని."

"చెప్పాను వదినా."

"సెప్తే ఏమన్నారు?"

"బట్ట పాతదన్నారు."

వదిన నవ్వింది. "ఆడలేనమ్మ మద్దెల ఓడన్నట్టుండాది," అని పాపను ఎత్తుకుంది.

శుక్రవారం. గాలి లేదు

ఉత్తర్వు వచ్చింది. నగరాధికారిణి ఇందుమతి గారి సంతకం. అంచువాడ కప్పు బలహీనపడిందని మోకుల లాగుడును బట్టి తేలిందట. ఉరుముల గాలి మొదలయ్యేలోపు అంచువాడ బట్టను మిగతా కప్పు నుంచి తుంచేస్తారట. ఊరి క్షేమం కోసం. వాడవాళ్ళను పాత క్వారీ గుంతల్లోకి తరలిస్తారట. అది కూడా క్షేమం కోసమేనట.

క్వారీ గుంతలు నేను చూశాను. పైన రేకులు, కింద బండ. మధ్యాహ్నం పూట లోపల మనిషి నిలవలేడు. మూడు నెలల పాపను అక్కడ ఎట్లా పడుకోబెడతామో ఉత్తర్వులో రాయలేదు.

సార్ బల్ల ముందుకు పోయి నిలబడ్డాను. "బట్ట బలహీనపడితే మోకు మీద లాగుడు తగ్గాలి సార్. సాగిపోయిన రబ్బరు గట్టిగా లాగుతుందా? ఇక్కడ లాగుడు పెరిగింది."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఉత్తర్వు వచ్చేసింది కదమ్మా."

మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు నీడను విప్పి చూశాను. ఇన్నాళ్ళూ బొమ్మే చూశాను గాని, బట్ట కింది చుక్కలను వాడవారీగా ఎప్పుడూ చూడలేదు.

తెల్లమిద్దె దగ్గర, అంటే నగరాధికారిణి గారి తోట మీద, చుక్కలు ఇసక పోసినట్టున్నాయి. అక్కడి కప్పు మీద పావురం వాలినా తెర మీద గుంట పడుతుంది. అతిథులు వచ్చినప్పుడు పెద్ద తెర మీద చూపించేది ఆ ముడతలే. చూసినవాళ్ళు ఆహా అంటారు. మరి మా అంచువాడ? మూడు చుక్కలు కలిస్తే ఒక ముక్కోణం; మొత్తం వాడకు ఆరు ముక్కోణాలు. ఇన్ని ఇళ్ళు, ఇన్ని పొయ్యిలు, ఇన్ని పట్టీలు, ఆరు ముక్కోణాలు. మా వాడలో పెళ్ళి జరిగినా ఆ తెర మీద గుంట పడదు.

ఇంకోటి కూడా తేలింది. ఆ ఆరింటి సాగుడు కొలిచింది ఎప్పుడో తెలుసా? ప్రతిసారీ తనిఖీ రోజునే. బండితో పాటు కొలత మనిషి వస్తాడు, మోకు పట్టుకుని కొలుస్తాడు. ఆ గంటలో మా వాడ కప్పుకు ఒక చిల్లిగుడ్డ కూడా వేలాడదు. గంట వినగానే దించేస్తాం కదా. నీడకు తెలిసిన అంచువాడ ఏడాదికి నాలుగు పూటలు మాత్రమే ఉండే వాడ. మిగతా రోజుల్లో మేమున్న వాడ దానికి తెలియదు.

ఖాళీ బట్ట గాలికి టపటపా కొట్టుకుంటుంది, దాన్ని బిగించాలి. నీడ అదే చెబుతోంది. కానీ బరువు వేలాడే బట్టను బిగిస్తే కుట్టు తెగుతుంది, దాన్ని వదలాలి. తడి దుప్పట్లు ఆరేసిన తీగను ఎవరైనా బిగిస్తారా? మేం బిగిస్తున్నాం. తుంచేయాల్సినంత తప్పు బట్టది కాదు, లెక్కది. ఆ లెక్క తప్పడంలో నీళ్ళ చీటీ భయంతో దించుకున్న మా చేతులు కూడా ఉన్నాయి. అయితే ఆ భయం మేం కొని తెచ్చుకున్నది కాదు.

శనివారం. దక్షిణపు గాలి, నిదానం

సార్‌కు అంతా చెప్పాను. ఆయన విన్నారు, నిజంగానే విన్నారు.

"అయితే బరువులు నీడలో పెట్టాలంటావు. అంటే మీ వాడకు చుక్కలు పెంచాలి. మర మోయగలిగిన చుక్కలు ఇన్నే. ఒక్కటి పెంచినా నీడ వెనకబడుతుంది. వెనకబడిన నీడతో గిలకలు తిప్పితే ఊరంతా పోతుంది. నీకు తెలియనిదా?"

"పెంచొద్దు సార్. తోట మీదివి తీసి ఇటు పెడదాం."

ఆయన తలుపు వైపు చూశారు. "ఆ మాట నువ్వు అనలేదు, నేను వినలేదు."

"అన్నాను సార్. కావాలంటే దినచర్యలో రాస్తాను."

ఇదిగో, రాశాను.

ఆదివారం. గాలి లేదు

సెలవు రోజు. వాడలో ఇల్లిల్లూ తిరిగాను. నీడలో పెట్టాలంటే ఎవరి కప్పుకు ఎంత బరువుందో తెలియాలి. ఎర్రగడ్డలమ్మే మౌలాలి మామ తన స్ప్రింగు కాటా అరువిచ్చి, మోయడానికి తనూ వెంట వచ్చాడు.

మొదటి ఇంట్లో ఇల్లాలు గుమ్మానికి అడ్డంగా నిలబడి "మా కప్పుకు ఏమీ లేదు మే, సూసుకో" అంది. ఆమె తల వెనకాల ఉయ్యాల ఊగుతోంది, లోపల పిల్లోడు కిలకిలా నవ్వుతున్నాడు. రెండో ఇంట్లో ముసలాయన ఉట్టిని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. అది ఎప్పుడూ తన ఒళ్ళోనే ఉంటుందట. మూడో ఇంట్లో మాట కూడా లేకుండా తడిక వేసుకున్నారు.

మామ కాటాను కింద పెట్టాడు. "నువ్వు సర్కారు జీతం తినేదానివి, ఎట్ల నమ్ముతారు? కొలిస్తే రాస్తావు, రాస్తే నీళ్ళు కోస్తారు. వాళ్ళ బయం వాళ్ళది."

"పేర్లు రాయను మామా. ఏ పట్టీకి ఎంత బరువు, అంతే. ఇంటి పేరు నాకు అక్కర్లేదు, నీడకూ అక్కర్లేదు."

"ఎవరన్నా అడిగితే?"

"చెప్పను."

"కొడితే?"

"మామా, నన్ను కొట్టి మాట లాక్కున్నవాడు ఈ ఊళ్ళో పుట్టాడా?"

మామ నవ్వి, నేరుగా తన ఇంటికే తీసుకుపోయాడు. మూడు గంపల ఎర్రగడ్డలు, ఒక మంచం. మంచం కూడా వేలాడదీశాడు మహానుభావుడు. కొలుచుకున్నాం. మామ ఇల్లయ్యాక పక్క ఇల్లు తెరుచుకుంది. అక్కడి నుంచి ఆ పక్కది. పొద్దువాలేసరికి ముసలాయన తన ఉట్టిని తనే పట్టుకొచ్చి కాటా కొక్కేనికి తగిలించాడు. ఒళ్ళో ఉంటే బరువు తెలియడం లేదన్నాడు.

వాడంతా అయింది, ఒక్క ఇల్లు తప్ప. అది మాదే.

వదిన ససేమిరా అంది. "నా ఉయ్యాల జోలికి రావద్దు."

"వదినా, పేరు రాయను. నేను ఉండేది కూడా ఇక్కడే కదా."

"ఉయ్యాల ఒక్కటే అయితే కొలుచుకోమందును." గొంతు తగ్గించింది. ఉయ్యాల వెనక చీర తెర తీసి చూపించింది. రెండు నీళ్ళ తిత్తులు, నిండుగా, కప్పు పట్టీకి వేలాడుతున్నాయి. చీటీకి వచ్చిన నీళ్ళలో రోజూ ఇంత మిగిల్చి పోసింది. నేను ఇన్నాళ్ళూ అటు చూడలేదు. నీళ్ళు దాచడం ఉయ్యాల కట్టడం కన్నా పెద్ద నేరం. దానికి చీటీ కోయరు, ఊరి బయటికి పంపుతారు.

"పాలు రాని పొద్దు బిడ్డకేం పోయాల? నీ నీడ పోస్తాదా?" అంది.

కొలవకుండానే కాటా మడిచిపెట్టాను.

మంగళవారం. పడమటి గాలి, జోరు. ఆకాశంలో దుమ్ము

ఉరుముల గాలి రేపు వస్తుందని కబురు. తుంచేవాళ్ళు ఎల్లుండి వస్తారట. అంటే గాలి ముందు, కత్తులు తరువాత. అధికారులకు ఈ వరస కూడా సరిగ్గా రాదు.

సార్ పొద్దున వచ్చి ఒంట్లో బాగాలేదని ఇంటికి వెళ్ళిపోయారు. వెళ్తూ, నీడలో చుక్కలు మార్చనిచ్చే తాళపు సంకేతం రాసిన కాగితం బల్ల మీదే మరిచిపోయారు. ఆయన దేన్నీ మరిచిపోయే మనిషి కాదు. నేను ఆ విషయం అడగలేదు, ఇకముందు అడగను కూడా.

చేసింది చేసినట్టు రాస్తాను. తెల్లమిద్దె భవనం మీది చుక్కలు ముట్టుకోలేదు, దాని కింద మనుషులుంటారు. తోట మీదివి మాత్రం ఏరేశాను. గాలివానలో తోటలో షికారు చేసేవాడు ఉండడు. అక్కడ ఇసకలా ఉన్న చుక్కలను గుప్పెడుకు కుదించి, మిగిలినవన్నీ అంచువాడలో పరిచాను. ఒక్కో పట్టీకి ఒక చుక్క. ఒక్కో చుక్కకు ఆదివారం కొలిచిన బరువు. ఉయ్యాలలు ఊగుతాయి కాబట్టి వాటికి కింద ఇంకో చుక్క కట్టి వేలాడదీశాను.

మొదటిసారి నడిపితే పూనకం వచ్చింది. మా వాడ మొత్తం తెర మీద గింగిరాలు తిరిగి పైకి ఎగిరిపోయింది. నా చెయ్యి కుదురు మీదికి పోయింది, వెనక్కి తీసుకున్నాను. తీగల బిర్రు ఒక్కొక్కటే సరిచేసుకుంటూ వచ్చాను. భయమేసింది, అబద్ధమెందుకు. సాయంత్రానికి నీడలో మా వాడ కుదురు మందు లేకుండానే నిలబడింది. చివరి మోకు మీద అసలు లాగుడెంతో నీడలోనూ దాదాపు అంతే. కాస్త తేడా ఉంది. ఆ తేడా ఉయ్యాలదీ, తిత్తులదీ అని నాకు తెలుసు. మాట ఇచ్చాను కాబట్టి పెట్టలేదు.

ఇది తప్పని చట్టం అంటుంది. తెలిసే చేశాను. నా పేరు సుంకులమ్మ, మాది అంచువాడ.

బుధవారం. ఉరుముల గాలి

మధ్యాహ్నం అన్నం వేళకు వచ్చింది. మొదటి తోపుకే నీడ తెర అంతా ఉబ్బింది. అలవాటు ప్రకారం మా వాడ గిలకలు బిగుస్తాయని ఊరంతా అనుకుని ఉంటుంది. బిగియలేదు. వదిలాయి. తెర మీద మా వాడ బట్ట బరువులతో సహా కిందికి జారింది, గాలిని తన మీదుగా పోనిచ్చింది, మెల్లగా మళ్ళీ లేచింది. ఉయ్యాలలు ఊగిన కొద్దీ బట్ట కొట్టుకోవడం తగ్గింది. వేలాడకూడదన్నవే దాన్ని పట్టుకుని ఆపాయి. నేను గదిలో ఒక్కదాన్నే గట్టిగా ఏడ్చాను.

తోట మీది కప్పు చిరిగింది. అక్కడ గుప్పెడు చుక్కలే ఉన్నాయి, గిలకలు మొరటుగా లాగాయి, కుట్టు వెంట నిలువునా పోయింది. గడ్డి మీద, పూలకుండీల మీద పడింది. మనిషెవరికీ ఏమీ కాలేదు. కుండీలకు అయింది.

గాలి తగ్గాక పరుగున ఇంటికి పోయాను. దారి పొడవునా జనం పైకి చూస్తూ, ఒకరినొకరు తట్టుకుంటూ నవ్వుతున్నారు. వాడ కప్పు మొత్తం నిలిచింది. ఒక్క చోట తప్ప.

మా ఇంటి మీద కుట్టు జానెడు విడిపోయింది. ఆ సందులోంచి ఎండ కత్తిలా ఉయ్యాల మీదే పడుతోంది. ఉయ్యాలలో పాప లేదు, వదిన ఒళ్ళో ఉంది. వదిన మూలకు ఒదిగి కూర్చుని ఆ వెలుతురునే చూస్తోంది.

"వాడంతా నిలబడె, మన కుట్టే ఎందుకు తెగె?" అంది.

అబద్ధం చెప్పాలనిపించింది. చెప్పలేకపోయాను. "మన బరువు నీడలో లేదు వదినా," అన్నాను.

ఆమె పాప తల మీద కొంగు కప్పింది.

శుక్రవారం. గాలి లేదు

విచారణ. తెల్లమిద్దె పెద్ద హాల్లో. నిన్న రావాల్సిన తుంచేవాళ్ళను ఇది తేలేదాకా ఆపారట. కిటికీలోంచి తోట మీద చిరిగిన బట్ట కనిపిస్తోంది, ఎవరూ ఇంకా తీయలేదు. అంచువాడ నుంచి జనం వచ్చి వెనక నిలబడ్డారు. వాళ్ళకు కుర్చీలు వేయలేదు.

ఇందుమతి గారు అరిచే మనిషి కాదు. నెమ్మదిగా, చదువు చెప్పినట్టు అడుగుతారు. అందుకే ఆమెతో కష్టం.

"అంచువాడలో నువ్వు పెట్టిన బరువులు ఎక్కడివి?"

"ఇళ్ళవి మేడమ్."

"ఏ ఇళ్ళవి?"

"చెప్పను."

"చట్టం ప్రకారం అక్కడ కప్పుకు ఏదీ వేలాడదు. లేని బరువులు పెట్టావా, నీడను కల్తీ చేసినట్టు. ఉన్న బరువులే పెట్టావా, ఇళ్ళ పేర్లు చెప్పు, నీ ఉద్యోగం నీకుంటుంది. రెండింట్లో ఏదో ఒకటి ఒప్పుకో."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. చక్కగా తవ్వారు, ఆ మాటకు మెచ్చుకోవాలి.

"రెండూ ఒప్పుకోను," అన్నాను. "బరువులు ఉన్నాయి. పేర్లు చెప్పను. మీ లెక్కకు సరిపోవడానికి మా వాళ్ళు ఇన్నేళ్ళూ తమ ఉయ్యాలలు దించుకున్నారు. ఇప్పుడు లెక్కను మార్చాను, గాలికి వాడ నిలబడింది. మీకు తోట చిరిగింది, నిజమే. తోటలో ఎవరూ పడుకోరు."

వేణుధర్ సార్ తల దించుకుని ఉన్నారు. ఇందుమతి గారు కాగితం మీద ఏదో రాసుకున్నారు. "అయితే కల్తీ కిందే రాసుకుంటాం. నీడ మళ్ళీ పాత రూపానికి వస్తుంది. తుంచివేత సోమవారం."

వెనక నుంచి కదలిక వినిపించింది. వదిన. పాపను చంకనేసుకుని జనాన్ని తోసుకుంటూ ముందుకు వచ్చింది. నేను వద్దని తల అడ్డంగా ఊపాను. ఆమె నా వైపు చూడను కూడా చూడలేదు.

"నా పేరు గంగులమ్మ. అంచువాడ చివరి మోకు కింద మా ఇల్లు. మా కప్పుకు ఉయ్యాల ఉండాది. రెండు తిత్తుల నీళ్ళుండాయి, నిండుగా. సుంకులు కొలుస్తానంటే నేనే కొలవనీలేదు. అందుకే నా నెత్తిన కుట్టు తెగె. ఇప్పుడు సెప్తాండా. రాసుకోండి."

ఇందుమతి గారు మొదటిసారి కలం కింద పెట్టారు. "నీళ్ళ నిల్వ ఏ నేరమో తెలుసా నీకు?"

"తెలుసు. బయటికి పంపుతారు. పంపే ముందు రాసుకోండి. రాయకుంటే నేను లేనట్టే కదా మీకు. లేనిదాన్ని ఎట్ల పంపుతారు?"

వదినకు ఇంత నోరుందని అన్నకు కూడా తెలిసి ఉండదు. ఆమె పక్కకు మౌలాలి మామ వచ్చి నిలబడ్డాడు. "ఎర్రగడ్డలు మూడు గంపలు, మంచమొకటి. నా పేరు కూడా రాసుకో సామీ." ఆయన వెనక ఉట్టి ముసలాయన. ఆయన వెనక, కప్పుకు ఏమీ లేదని బొంకిన ఇల్లాలు, ఈసారి పిల్లోణ్ణి భుజాన వేసుకుని. చూస్తుండగానే తలుపు దాకా వరస కట్టారు. గుమాస్తా రాస్తూ రాస్తూ చేతులు విదిలించుకున్నాడు.

"ఇక చాలు," అన్నారు ఇందుమతి గారు.

"మావి ఇంగా కాలేదు," అని తలుపు దగ్గర నుంచి ఎవరో అన్నారు.

సోమవారం. పడమటి గాలి, నిదానం

తుంచేవాళ్ళు రాలేదు. ఉత్తర్వు రద్దు కాలేదు, పరిశీలనలో ఉందట. నీళ్ళు కోస్తామన్నారు, కానీ అన్ని పేర్లలో ముందు ఎవరికి కోయాలో తేలడం లేదట. వదినను పంపే సంగతి కూడా అలాగే ఆగింది. నన్ను తీసేస్తామన్నారు, ఆ నీడను నడపడం ఇంకెవరికీ రాదు కాబట్టి ఇంకా తీసేయలేదు. రేపేమవుతుందో నాకు తెలియదు. భయం ఇంకా పోలేదు, కోపం కూడా పోలేదు.

ఇవాళ ఒక్క ఉత్తర్వు మాత్రం గట్టిగా వచ్చింది. తోట చుక్కలు తోటకు తిరిగి ఇచ్చేయాలి. వేణుధర్ సార్ చేతికిచ్చి పంపారు. ఆయన దాన్ని నా బల్ల మీద పెట్టి నిలబడ్డారు.

నేను తెర ఆయన వైపు తిప్పాను. విచారణలో చెప్పినవన్నీ శనివారం కూర్చుని నీడలో ఎక్కించాను. వాళ్ళే స్వయంగా చెప్పారు కాబట్టి ఈసారి పేర్లతో సహా. ఏ చుక్క మీద వేలు పెట్టినా దాని కింద ఎవరుంటారో పేరు వస్తుంది. చివరి మోకు దగ్గర మా ఇంటి చుక్కలు కూడా ఉన్నాయి, ఉయ్యాలతో, తిత్తులతో.

"ఇస్తాను సార్," అన్నాను. "ఒక్కో చుక్క తీసేటప్పుడు దాని కింది పేరు పైకి చదవాలి. చదివి, ఈ మనిషి మీది చుక్క తీసేయండి అని సంతకం పెట్టాలి. సంతకం పడిన చుక్క పడినట్టు తీసేస్తాను. మేడమ్ గారిని రమ్మనండి. ఆమె రాకపోతే మీరు పెట్టండి."

సార్ కుర్చీ లాక్కుని కూర్చున్నారు. కలం తీశారు. మొదటి పేరు చూశారు, రెండోది చూశారు. కాసేపటికి కలం మూత పెట్టి జేబులో పెట్టుకుని, ఉత్తర్వు పట్టుకుని పైకి వెళ్ళారు.

సాయంత్రమైంది. ఇప్పటిదాకా ఎవరూ సంతకం పెట్టలేదు.